అతుకుల బొంతకి ఇంట్లో ఏ కాగితం పనికొస్తుంది, ఏది పనికిరాదు

క్విల్టింగ్, అంటే ఇలాంటి బొంతలు కుట్టడం, కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఫౌండేషన్ పేపర్, అంటే ముక్కలు కుట్టేటప్పుడు అడుగున పెట్టే కాగితం, ఎక్కడ కొన్నారండీ అని. కొనలేదండి, కొనక్కర్లేదు కూడా. ఆన్‌లైన్‌లో బయటి దేశాల నుంచి వచ్చే ప్యాకెట్లు ఉన్నాయి గానీ ఆ డబ్బులు పెడితే మంగళగిరి కాటన్ మంచిది వస్తుంది, నేనైతే గుడ్డకే పెడతాను. పొద్దున్నే గుమ్మంలో పడే న్యూస్ పేపరు, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక షెల్ఫులో పేరుకుపోయే శుభలేఖలు, పిల్లల లాంగ్ నోట్‌బుక్కుల్లో చివర మిగిలిపోయే తెల్ల కాగితాలు, అటక మీద ఎప్పట్నుంచో ఉన్న పాత టెలిఫోన్ డైరెక్టరీ, వీటితో దాదాపు అన్ని పనులూ అయిపోతాయి. కాకపోతే ఏ కాగితం దేనికి సరిపోతుందో, ఏది గుడ్డని పాడుచేస్తుందో తెలిసి వాడాలి, అదొక్కటే.

ముందు అసలు కాగితం ఎందుకు అన్నది చెప్తాను. మన ఇళ్ళల్లో కుట్టే బొంతకి కాగితంతో పనే లేదు, పాత నేత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి చుట్టూ మడిచి, పెద్ద సూదితో ఈ చివర నుంచి ఆ చివరకి కుట్లు వేసుకుంటూ పోతారు. చీర చీరంతా ఒకే గుడ్డ కాబట్టి సాగినా పెద్దగా తెలీదు. ముక్కలు అతికి కుట్టే బొంత అలా కాదు. జాకెట్లు కుట్టేవాళ్ళ దగ్గర మిగిలే పీలికలు చూడండి, సగం ముక్కలు క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా తెగి ఉంటాయి, ఒకటి వేలెడు వెడల్పు, ఒకటి రెండు వేళ్ళు, ఒక చివర సన్నం ఇంకో చివర వెడల్పు. దానికి తోడు బాగా ఉతికి మెత్తబడ్డ పాత కాటన్ చీర ముక్క అయితే పట్టుకుంటేనే సాగుతుంది. అలాంటివాటిని ఒకదానికొకటి నేరుగా కుడితే ఆ బ్లాక్, అంటే పీలికలు కలిపి కుట్టిన ఒక్కో చదరం, చదరంగా రాదు, ఒక మూల పైకి లేస్తుంది ఇంకో మూల కిందకి జారుతుంది. అదే అడుగున కాగితం పెట్టి కాగితంతో కలిపి కుట్టారనుకోండి, గుడ్డ సాగడానికి వీల్లేదు, కాగితం ఏ సైజులో ఉంటే బ్లాక్ అదే సైజులో వస్తుంది. పని అయ్యాక కాగితం చింపేస్తాం. బయట పడేసే పీలిక కూడా నిటారుగా నిలబడేది ఈ కాగితం వల్లే, నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం అందుకే.

ఇది ఈమధ్య వచ్చింది కాదు. ఇంగ్లండ్‌లో క్విల్టర్స్ గిల్డ్ అని క్విల్టులు కుట్టేవాళ్ళ సంఘం ఉంది, వాళ్ళ దగ్గర 1718 అని సంవత్సరం కుట్టి ఉన్న ఒక పట్టు ముక్కల దుప్పటి ఉంది, అది కాగితాల మీద ముక్కలు చుట్టి కుట్టిందే. ఆ రోజుల్లో కాగితం ఖరీదు కాబట్టి పాత ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, పిల్లలు రాసి పడేసిన కాపీ పుస్తకాలు ఇలాంటివే కత్తిరించి వాడేవాళ్ళు. సగంలో ఆగిపోయిన పాత క్విల్టుల్లో వెనక ఆ కాగితాలు ఇప్పటికీ ఉంటాయి, మ్యూజియం వాళ్ళు వాటి మీద తారీఖులు చదివి అది ఏ కాలందో అంచనా కడతారు. కాగితం మీద ఉన్న తారీఖు కంటే ముందు ఆ ముక్క కుట్టి ఉండరు కదా, అంత సూటి లెక్క. తర్వాత 1930ల్లో అమెరికాలో చేతిలో డబ్బాడని కాలంలో స్ట్రింగ్ క్విల్టులు బాగా కుట్టారు. స్ట్రింగ్ అంటే ఇక్కడ దారం కాదు, సన్న పీలిక. న్యూస్ పేపర్లు, సియర్స్ లాంటి కంపెనీలు పంపే కేటలాగ్ కాగితాలు అడుగున పెట్టి, దేనికీ పనికిరాని పీలికలన్నీ వాటి మీద కుట్టేవాళ్ళు. టెలిఫోన్ డైరెక్టరీ పేజీలైతే అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా వాడారు. న్యూజెర్సీలో ఉన్న మా వదిన కూడా ఇప్పుడు అదే చేస్తోంది, డైరెక్టరీలు రావట్లేదని గ్రాసరీ షాపుల వాళ్ళు పోస్టులో పంపే పల్చటి సేల్ కాగితాల మీద కుడుతోంది.

ఆ మాటకొస్తే మనకి కూడా కాగితం, కుట్టు కలిసి పనిచెయ్యడం కొత్త కాదు. మా విజయవాడలో ఏ వీధిలో టైలరింగ్ నేర్పినా మొదట చేయించేది న్యూస్ పేపర్ మీద జాకెట్ కటింగే కదా. చంక చుట్టు, మెడ లోతు, డాట్లు అన్నీ పేపర్ మీద గీసి కత్తిరించాకే గుడ్డ చేతికిస్తారు. మగ్గం వర్క్ వాళ్ళు ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్‌కి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్ది జాకెట్ మీదకి అచ్చు దింపుతారు. కాబట్టి గుడ్డ కింద కాగితం పెట్టి కుట్టమంటే మన చేతులకి అలవాటవ్వడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక కాగితాల సంగతి. స్ట్రింగ్ బ్లాకులకి కావాల్సిన కాగితానికి రెండు గుణాలు ఉండాలి, కుట్టేటప్పుడు చిరక్కూడదు, కుట్టాక తేలిగ్గా చిరగాలి. ఈ రెండూ బాగా కుదిరేది డైరెక్టరీ కాగితం. అంత పల్చగా ఉండి కూడా మిషన్ కింద మడతపడదు, లాగితే కుట్టు వెంట నీట్‌గా ఊడొస్తుంది. అటక మీద పాత బీఎస్ఎన్ఎల్ డైరెక్టరీ ఉంటే దయచేసి పాత పేపర్ల అతనికి కేజీ లెక్కన ఇచ్చెయ్యకండి. అంత పాతది కాబట్టి అందులో ఇంకు కూడా ఎండిపోయి ఉంటుంది, చేతికి అంటదు.

తర్వాతది న్యూస్ పేపర్. నేను ఎక్కువ వాడేది ఇదే ఎందుకంటే ఇది ఎప్పుడూ ఉంటుంది, పైగా పెద్ద సైజు, పన్నెండు ఇంచీల బ్లాక్ అయినా ఒకే కాగితంలో వస్తుంది. దీంతో ఉన్న ఇబ్బంది ఇంకు. ఈరోజు పేపర్ ఈరోజే వాడితే వేళ్ళకి నల్లగా అంటుతుంది, వేళ్ళ నుంచి గుడ్డకి. కొన్ని నెలలు పక్కన పడేసిన పేపర్ అయితే చాలా నయం. రంగుల సినిమా పేజీలు, ఫుల్ పేజీ యాడ్లు పక్కన పెట్టేసి అక్షరాలు మాత్రమే ఉన్న పేజీలు తీసుకోండి, క్లాసిఫైడ్స్ పేజీ భలే ఉంటుంది. తెల్ల గుడ్డ, గంధం రంగు, లేత పసుపు ఇలాంటివి వాడేటప్పుడు మాత్రం న్యూస్ పేపర్ వద్దు, నోట్‌బుక్ కాగితం పెట్టుకోండి. ముదురు రంగులకి, అంటే పెడన కలంకారీ మెరూన్లు నల్లలు, పోచంపల్లి ఇకత్ ముక్కలు, వీటికి న్యూస్ పేపర్ ఏం చెయ్యదు. కలంకారీ ముక్కలైతే ముందే ఒకసారి ఉప్పు నీళ్ళల్లో జాడించి ఆరేసి చూడండి, ఇంకా రంగు పోతుంటే మళ్ళీ జాడించండి, లేదంటే పక్క గుడ్డ మీద పడే మరకకి కాగితాన్ని తిట్టుకోవాల్సొస్తుంది.

న్యూస్ పేపర్ పెట్టినప్పుడు ఇస్త్రీ ఎప్పుడూ గుడ్డ వైపు నుంచే చెయ్యాలి, కాగితం వైపు పెట్టె పెడితే ఇంకు పెట్టెకి అంటి తర్వాత ముక్కకి దిగుతుంది. టేబుల్ మీద కూడా ఒక పాత తువ్వాలు పరుచుకోండి, కాగితం వైపు కిందకి ఉంటుంది కదా, మీరు బట్టలు ఇస్త్రీ చేసుకునే దుప్పటికి అంటకుండా ఉంటుంది. స్టీమ్ అస్సలు వద్దు, తడి తగిలితే కాగితం మెత్తబడి పని అవ్వకముందే ఊడిపోతుంది.

నోట్‌బుక్ కాగితం న్యూస్ పేపర్ కంటే కాస్త దళసరి, చింపడానికి కొంచెం ఎక్కువ ఓపిక కావాలి కానీ శుభ్రంగా ఉంటుంది. ఖాళీ పేజీలే తీసుకోండి. జెల్ పెన్నుతో రాసినవి తడి తగిలితే దిగుతాయి. ప్రింటర్‌లో వాడే ఏ4 కాగితం అయితే ఇంకా గట్టి, అది స్ట్రింగ్ బ్లాకులకి నాకు నచ్చదు, కానీ నక్షత్రాలు, పక్షులు లాంటి గీత ప్రకారం కుట్టాల్సిన డిజైన్లకి తప్పదు ఎందుకంటే డిజైన్ ప్రింట్ తీసుకోవాలి కదా. గీతలు ఉన్న వైపు మిషన్ పాదం కింద పైకి ఉంటుంది, గుడ్డ అడుగున ఉంటుంది, అందుకే కుట్టిన బొమ్మ గీసినదానికి అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది, అక్షరాలు కుట్టాలనుకునేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి. జెరాక్స్, లేజర్ ప్రింట్ల మీద నేరుగా ఇస్త్రీ పెడితే ఆ నల్ల పొడి వేడికి కరిగి పెట్టెకి అంటుకుంటుంది, ఇంక్‌జెట్ అయితే తడికి దిగుతుంది.

కొత్త చీరల మడతల్లో, షర్టు డబ్బాల్లో పెట్టే తెల్లటి పల్చటి కాగితం ఉంటుంది చూశారా, అది దాచిపెట్టండి. వాయిల్ లాంటి సన్నటి గుడ్డలకి అంతకంటే మంచిది లేదు. గాలిపటాల కాగితం కూడా అంతే పల్చగా ఉంటుంది గానీ తడి తగిలితే రంగు దిగుతుంది, వద్దు.

ఇప్పుడు ఒక బ్లాక్ ఎలా కుట్టాలో చెప్తా, కొలతలతో సహా, ఎందుకంటే ఇంట్లో దొరికే కాగితం కొలతకి తగ్గట్టు బొంత లెక్క వేసుకోవడం చాలా సులువు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అందులో ఎనిమిది ఇంచీల చదరం సరిగ్గా వస్తుంది. చుట్టూ పావు ఇంచి కుట్టులోకి పోతే బ్లాక్ ఏడున్నర ఇంచీలు తేలుతుంది. అడ్డంగా 8, నిలువుగా 12, మొత్తం 96 బ్లాకులు అయితే 60 ఇంచీల వెడల్పు 90 ఇంచీల పొడవు, సింగిల్ మంచానికి నిండా సరిపోయే బొంత.

చదరం కాగితం మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకి పెన్సిల్ గీత గీయండి. మీ దగ్గరున్న పీలికల్లో అందంగా ఉన్నది, మంగళగిరి చీర అంచు లాంటిది, ఆ గీత మీదుగా సీదా వైపు పైకి ఉండేలా పెట్టండి, జారకుండా అడుగున పిల్లల గ్లూ స్టిక్ రెండు చోట్ల తాకించండి చాలు. రెండో పీలికని దాని మీద బోర్లా పెట్టి, అంటే సీదా సీదా ఎదురెదురుగా, అంచులు కలిపి, పావు ఇంచి వదిలి కాగితంతో సహా ఒక కుట్టు వెయ్యండి. ఇప్పుడు ఆ రెండో పీలికని బయటికి తిప్పి గోరుతో గట్టిగా రుద్ది పడుకోబెట్టండి. మూడోది దాని అంచు మీద, మళ్ళీ బోర్లా, మళ్ళీ కుట్టు, మళ్ళీ తిప్పడం. ఇటు మూల నిండాక అటు మూల. పీలికలు కాగితం బయటికి అర ఇంచి పొడుచుకొచ్చేలా ఉండాలి. అంతా నిండాక ఒకసారి ఇస్త్రీ చేసి, బ్లాక్‌ని తిరగేసి, కాగితం అంచు కనిపిస్తుంది కదా దాని వెంట కత్తిరించెయ్యండి. అటూ ఇటూ వేలాడే గజిబిజి అంతా పోయి చక్కటి చదరం చేతికొస్తుంది, ఆ క్షణం నాకు ఎన్ని బ్లాకులు కుట్టినా బాగుంటుంది.

నాలుగు బ్లాకుల్ని మధ్య పీలికలు ఒకదాని చివర ఇంకోదాని చివరకి తగిలి చుట్టూ తిరిగేలా కలిపితే మధ్యలో వజ్రం ఆకారం తేలుతుంది. మధ్య పీలిక అన్ని బ్లాకుల్లోనూ ఒకే రంగు పెట్టుకుంటే, మిగతావి ఎన్ని రకాలున్నా బొంత మొత్తానికి ఒక పద్ధతి కనిపిస్తుంది.

మిషన్ గురించి రెండు మాటలు. కుట్టు బాగా దగ్గరగా పెట్టుకోవాలి, ఇంచికి పదిహేను కుట్ల దాకా. మామూలు జాకెట్ కుట్టుతో కుడితే కాగితం చింపేటప్పుడు కుట్టు కూడా లూజైపోతుంది. సూది చిల్లులు ఎంత దగ్గరగా పడితే కాగితం అంత తేలిగ్గా తెగుతుంది, స్టాంపులు చింపినట్టు. సూది 14 నంబరు లేదా 16, పాత మిషన్లకి మామూలుగా వాడేదే. కాగితం మీద కుడితే సూది తొందరగా మొండిబారుతుంది కాబట్టి ఈ పనికి ఒక సూది వేరే పెట్టేసుకోండి, మళ్ళీ దాంతో పట్టు జాకెట్ మీదకి వెళ్ళకండి. బాబిన్ దగ్గర కాగితం నుసి పేరుకుంటుంది, పాత టూత్ బ్రష్‌తో దులిపి ఒక చుక్క నూనె వెయ్యండి.

కాగితం ఎప్పుడు చింపాలి అన్నదాంట్లో రకరకాలుగా చెప్తారు. పల్చటి కాగితం అయితే బ్లాకుల్ని ఒకదానికొకటి కలిపి కుట్టేదాకా ఉంచండి అనేది నా మాట, బ్లాక్ అంచుల్లో అన్నీ క్రాస్ ముక్కలే ఉంటాయి, కాగితం తీసేస్తే మళ్ళీ సాగుతాయి. దళసరి కాగితం అయితే జాయింట్లు లావైపోతాయి కాబట్టి అంచులో పావు ఇంచి భాగం మాత్రం ముందే చింపి కలుపుకోవచ్చు. చింపేటప్పుడు ముందు కుట్టు గీత దగ్గర కాగితాన్ని మడిచి గోరుతో గీయండి, తర్వాత ఎడమచేతి బొటనవేలు కుట్టు మీద ఆనించి పట్టుకుని కుడిచేత్తో పక్కకి లాగండి, పైకి కాదు. మూలల్లో ఇరుక్కున్న ముక్కలకి తడి గుడ్డ ఒక్కసారి అద్ది ట్వీజర్‌తో తియ్యండి, తెల్ల కాగితం అయితేనే తడి, న్యూస్ పేపర్‌కి వద్దు. ఈ పని మా ఇంట్లో మధ్యాహ్నాలు మా అత్తయ్యగారు తీసుకున్నారు, "ఇటివ్వమ్మా, టీవీ చూస్తూ నేను చింపేస్తాలే" అని ముందు పెట్టుకుంటారు, కుట్టు ఒక్కటి కదలకుండా తీస్తారు ఆవిడ.

ఇక శుభలేఖలు. ఇవి చింపే పనికి కాదు, చుట్టే పనికి. ఇంగ్లీష్ పేపర్ పీసింగ్ అని, చేత్తో కుట్టే పద్ధతి, మిషన్ లేనివాళ్ళు కూడా చెయ్యొచ్చు. పిల్లల జామెట్రీ బాక్స్‌లో కంపాస్ తీసి ఒక ఇంచి వ్యాసార్థంతో గుండ్రం గీసి, అదే కొలతతో చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి, అవి కలిపితే ఆరు పలకల ముక్క. శుభలేఖ అట్టని అలా కత్తిరించి, చుట్టూ పావు ఇంచి ఎక్కువ ఉన్న గుడ్డ ముక్కని దాని మీద పెట్టి, అంచులు వెనక్కి మడిచి పెద్ద పెద్ద కచ్చా కుట్లతో పట్టించాలి. అలాంటివి రెండు ఎదురెదురుగా పెట్టి అంచుల్లో దారాలు మాత్రమే పట్టుకుంటూ సన్నగా కలిపి కుట్టాలి, అట్టలోకి సూది దిగకూడదు. ఒక ముక్క మధ్యలో, చుట్టూ ఆరు, పువ్వు అయిపోతుంది. చుట్టుపక్కల ముక్కలన్నీ కలిశాక మధ్య అట్ట బయటికి తీసేసి మళ్ళీ ఇంకో ముక్కకి వాడుకోవచ్చు, గట్టి శుభలేఖ అట్ట చాలాసార్లు వస్తుంది. బస్సులో, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో, పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి కూర్చున్నప్పుడు కుట్టుకోవడానికి ఇంతకంటే వీలైన పని నాకు తెలీదు.

శుభలేఖలతో ఒక జాగ్రత్త, నాలుగు మూలలా పసుపు రాసి ఉంటారు కదా, ఆ మూలలు ముందే కత్తిరించి పక్కన పెట్టండి. ఎంత ఎండిపోయినా చేతి చెమట తగిలితే గుడ్డకి పడుతుంది, పసుపు మరక కాటన్ మీద పోవడం కష్టం. బంగారు రేకు అచ్చు ఉన్న భాగం మీద ఇస్త్రీ వద్దు. వినాయకుడు, వెంకటేశ్వరస్వామి బొమ్మలున్న ముక్క నేను వాడను. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటులో పెరిగినవాళ్ళం, సూది గుచ్చడానికి, కత్తిరించడానికి చెయ్యి రాదు. క్యాలెండర్లూ, పంచాంగాలూ కూడా ఇందుకే ముట్టుకోను, మీ ఇంటి పద్ధతి మీది.

బోర్డర్ల కోసం ఒక మంచి వస్తువు ఉంది, కొట్లల్లో బిల్లు మిషన్లకి పెట్టే పేపర్ రోల్. 57 మిల్లీమీటర్లది తీసుకుంటే రెండుంపావు ఇంచీల వెడల్పు, కుట్టులోకి అటూ ఇటూ పోతే ఇంచీ ముప్పావు బోర్డర్. పొడవు ఎంత కావాలంటే అంత, బొంత వైపు కొలిచి ఆ పొడవు రోల్ తెంపుకుని, దాని మీద అడ్డంగా పీలికలు వరసగా కుట్టుకుంటూ పోవడమే. పొడవాటి బోర్డర్ అల తిరక్కుండా సరిగ్గా రావడం చాలా కష్టమైన విషయం, ఈ రోల్ మీద కుడితే కొలత ఎక్కడికీ పోదు. కానీ రోల్ మామూలు కాగితందై ఉండాలి. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో ఇచ్చేవన్నీ దాదాపు థర్మల్ కాగితాలు, వేడికి నల్లబడే పూత ఉంటుంది, దాని మీద ఇస్త్రీ పెట్టె పెట్టిన క్షణంలో మొత్తం నల్లగా అయిపోతుంది. తెలుసుకోవడానికి గోరుతో గట్టిగా ఒక గీత గీసి చూడండి, నల్ల గీత పడితే అది థర్మల్, షాపులోనే తిరిగిచ్చెయ్యండి. స్టేషనరీ కొట్టులో ప్లెయిన్ రోల్ కావాలని అడగండి, పాత రకం ప్రింటర్లకి వాడేది.

పనికిరానివి కూడా చెప్పేస్తే అయిపోతుంది. వారపత్రికల నున్నటి కాగితం వద్దు, గుడ్డ దాని మీద జారుతుంది, రంగులూ అంటుతాయి. స్వీట్ షాపు డబ్బాల్లో కాగితం ఎంత తుడిచినా నెయ్యి ఉంటుంది. బ్రౌన్ పేపర్ సంచులు గట్టి, కుట్టుని లాగేస్తాయి తప్ప చిరగవు. బేకింగ్‌కి వాడే బటర్ పేపర్ మీద నూనె అంటకుండా పూత ఉంటుంది, గ్లూ పట్టదు, గుడ్డ నిలవదు. స్టేషనరీ కొట్లో బటర్ పేపర్ అని అమ్మే ట్రేసింగ్ కాగితం మాత్రం బాగుంటుంది, అడుగున గుడ్డ ప్రింట్ కనిపిస్తుంది కాబట్టి పువ్వు సరిగ్గా మధ్యలో రావాలనుకునే ముక్కలకి అదే వాడండి.

చింపిన కాగితం ముక్కలు కుప్ప పడతాయి, పాత పేపర్ల అతను తీసుకోడు. నేను దారాలు ఏరేసి తడిపి మొక్కల కంపోస్ట్ డబ్బాలో ఎండుటాకులతో పాటు వేస్తున్నాను, కాటన్ దారం అయితే ఏరక్కర్లేదు, పాలిస్టర్ దారం మాత్రం తప్పకుండా తీసెయ్యాలి. అందుకే ఈ మధ్య కాగితం మీద కుట్టేటప్పుడు దారం కూడా కాటనే వాడుతున్నాను.